వలి మామ ఎక్కిన విమానం

జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా టీ అంగడి నాది. నా పేరు కరీముల్లా. ఆ రోజు నాలుగు గంటల మద్రాసు బస్సుకు మా అక్క షరీఫా ఆపాను ఎక్కించాలి. మరునాడు మద్రాసులో కువైట్ విమానం ఆమెకు. ఎక్కించడమంటే సామాను పైకెత్తి చెయ్యి ఊపడం కాదు. నెల కిందట ఇట్లే ఎక్కిస్తే, మద్రాసు దాకా పోయి, విమానాశ్రయం గేటు దగ్గర విమానాల చప్పుడు విని, ఎక్కను గాక ఎక్కనని వెనక్కి వచ్చేసింది. ఏజెంటు కాళ్లావేళ్లా పడితే టికెట్టు తేదీ మార్పించి ఇచ్చినాడు. ఈసారి గూడా వెనక్కి వస్తే వీసా గడువు అయిపోతుంది, ఇంక ఇచ్చేవాడు లేడు. మా బావ పోయి మూడేండ్లయింది. ఇద్దరు ఆడపిల్లలను చదివించుకోవాలని కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని ఒప్పుకుంది. పని అంటే ఆమెకు భయం లేదు. విమానమంటేనే భయం.

అందుకని నేను ఒక తెలివితక్కువ పని చేసినాను. ధైర్యం చెప్పిద్దామని వలి బాషా మామను పిలిపించినాను. ప్రొద్దుటూరులో జీపులు రిపేరు చేసే షెడ్డు ఆయనది, వారానికి రెండుసార్లు మా ఊరు వస్తాడు. గల్ఫుకు పోయినవాళ్లు మా వీధిలో పదిమంది ఉన్నారు గానీ వాళ్లంతా గల్ఫులోనే ఉన్నారు. విమానం ఎక్కి ఇక్కడే ఉన్న మనిషి వలి మామ ఒక్కడే. ఆ సంగతి ఆయనే చెప్పినాడు, ఆరేండ్లుగా, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ.

అంగడిలో ఇంకో ఇద్దరున్నారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దేవపాలు సారుకు విమానాలంటే పిచ్చి. పేపర్లో విమానం బొమ్మ పడితే కత్తిరించి దాచుకుంటాడు, ఏ కంపెనీకి ఎన్ని విమానాలో, దేనికి ఎన్ని సీట్లో నోటికి చెప్తాడు, ఎక్కింది మాత్రం లేదు. రెండోవాడు జీపు డ్రైవరు ఏసయ్య. బెంచీ చివర కూర్చుని బీడీ తాగుతాడు. పదిమాటలకు ఒక మాట అంటాడు, అదీ అవసరమైతేనే.

"విమానం అంటే ఏందనుకున్న్యావు షరీఫమ్మా?" అని వలి మామ గ్లాసు పట్టుకోకముందే మొదలుపెట్టినాడు. "బస్సు. అంతే. రెక్కలుండే బస్సు. మన దేశంలో తిరిగేటివి ఎక్స్‌ప్రెస్సులు, కువైట్‌కు పోయేది లగ్జరీ. ఆ మద్రాసు బస్సు చూడు, సీటు చినిగి పీచు బయటికొచ్చిండాది, గుంత వస్తే నెత్తి పైకప్పుకు తగులుకుంటాది. ఆడ గుంతలు యాడివి? ఆకాశంలో రోడ్డు కంట్రాక్టర్లకు పని లేదు గదా. సీటు మెత్తగా ఉంటాది, పక్కన ఒక గుండీ, నొక్కితే ఎనక్కి వాలుతాది. చెవులు గుయ్యిమంటాయి, ఉన్న మాట చెప్పాల, అందుకే ఎక్కంగానే చప్పరించేకి బిళ్లలు ఇస్తారు. నేను పిడికిలి నిండా తీసుకుంటే పళ్లెం తెచ్చిన పాప ఏమీ అనల్యా, నగింది. మన కండక్టరు చిల్లర అడిగితేనే మీద పడతాడు."

ఆపా కొంచెం నవ్వింది. ఒళ్లో పట్టుకున్న సంచి కింద పెట్టింది. నా పాచిక పారిందనుకున్నాను.

"చెవులు గుయ్యిమనేది గాలి ఒత్తిడి వల్ల," అన్నాడు దేవపాలు సారు. "ముప్పై వేల అడుగుల ఎత్తులో గాలి పలుచనైపోతుంది. అందుకని లోపల గాలి నింపి ఉంచుతారు."

"నింపి ఉంచుతారు, ట్యూబుకు కొట్టినట్ల. సారు చదివినాడు, నేను చూసినా. అయినా నేను అందరి మాదిరి ఎక్కల్యా సారూ. రెడ్డితో ఎక్కినా. తొంభై నాలుగు ఎలక్షన్లప్పుడు. ఏ రెడ్డి అని మాత్రం అడగొద్దండప్పా. మన జిల్లాలో పేర్లు పెట్టి కత చెప్పినోని టీ గ్లాసులోనే ఉంటాది, తాగేకి మనిషి ఉండడు. ఆ ఏడు రెడ్డికి పార్టీ టికెట్టు ఖాయమైంది. బీ-ఫారం హైదరాబాదులో ఇస్తారు, పోయి తెచ్చుకోని మూడు దినాల్లో ఈడ నామినేషను వేయాల. హైదరాబాదు దోవంతా అవతలి రెడ్డి మనుషులు కాపు కాస్తాండారు. ప్రతి వంక కాడ, ప్రతి మోరీ కాడ. ఆ దోవన పోతే రెడ్డి పోడు, రెడ్డి శవం పోతాది. అప్పుడు నన్ను పిలిపించి, 'వలీ, నేల మీద దోవ లేదు, మద్రాసుకు పోయి పైన పోదాం' అన్న్యాడు. నన్నే ఎందుకు పిలిచినాడో తెలుసునా? బానెట్టు మీద చెవి పెట్టి నేను వినంది రెడ్డి ఏ బండీ ఎక్కడు. జీపైనా, ట్రాక్టరైనా, విమానమైనా."

"విమానానికి బానెట్టు ఉండదప్పా," అన్నాడు దేవపాలు సారు.

"అందుకే రెక్కకు పెట్టినా. మద్రాసులో మెట్లెక్కబోతా, 'ఆగు రెడ్డీ' అని, ఎడమ రెక్క కిందికి పోయి విన్నా. ఇంజను గురక పెడతాండాది. నిద్రపోయేవాని గురక కాదు, గొంతులో కళ్లె అడ్డం పడినోని గురక. ఇంజనీరును పిలిచి, అయ్యా, లోపల ఒక నట్టు వదులైండాది చూడు అంటే, నువ్వెవురు అన్న్యాడు. ప్రొద్దుటూరు జీపు మెకానిక్కు అన్నా. నగుకుంటా మూత విప్పినాడు. ఆ మీదట ఏమైందో తెలుసునా? నట్టు ఆయప్ప అరచేతిలోకి రాలింది. ఇంగ నగల్యా. 'సార్, మీరు లోపలికి పోండి' అన్న్యాడు. నన్ను సార్ అన్న్యాడు!"

ఆపా ముఖంలో నవ్వు పోయింది. "విమానానికి నట్లు ఊడిపోతాయా మామా?"

"ఊడవమ్మా, నేను చూసినా గదా."

"నేను ఎక్కేటప్పుడు ఎవరు చూస్తారు?"

నేను ఆపా వెనక నుంచి, ఇంక చాలని, వలి మామకు కంటిసైగ చేసినాను. ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకున్నట్లుంది, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"లోపలికి పోయినాం. రెడ్డికి ఎనకాల మనిషి ఉండకూడదు. హోటలుకు పోయినా గోడకు ఆనుకోనే కూచుంటాడు, వాకిలి కనపడాల. కిటికీ పక్కన కూచోడు, నడిమధ్య, అటొకడు ఇటొకడు. మన పక్క పెద్దోళ్లు ఎవురైనా అంతే గదా, తలకాయ నిలుపుకోవాలంటే అట్ల కూచోవాల. సరే, కట్టకడాకు వరస అడిగినాం. ఆడ సీటు వాలదు, ఎనక గోడ అడ్డం. రెడ్డికేమో నడుము నొప్పి. ఏం చేయాల? నా జేబులో పన్నెండు పదమూడు స్పానరు, నిద్రలో గూడా ఇడవను దాన్ని. వంగి చూస్తే పట్టా మీద సీటు, నాలుగు బోల్టులు, అచ్చం మన జీపే. పైలెట్టు రూముకు ఆనుకోని ఉండే మొదటి సీటు ఊడదీసి, అటుది ఇటు తిప్పి మళ్ల బిగించినా. ఇప్పుడు రెడ్డికి ఎనకాల పైలెట్టు తలుపు, ముందర నూటా పద్నాలుగు మంది మొగాలు. రెడ్డి అందురినీ చూస్తాండాడు, అందురూ రెడ్డిని చూస్తాండారు. మీటింగు ఉన్నట్లుంది. ఇద్దురు దండాలు గూడా పెట్టినారు.

"ఇంగ ఆ వరసల్లో కాళ్లకు జాగా చాలదు. పొడుగు మనుషుల మోకాళ్లు గడ్డాలకు తగులుకుంటాండాయి. నా చేతిలో స్పానరు చూసి ఒక ముసలామె, 'నాయనా, నాది గూడా రొంత జరుపు' అనింది. ఆమెది జరిపితే ఎనకామె ఊరుకుంటాదా? అట్ల వరసకు జానెడు లెక్కన ముప్పై వరసలూ జరిపినా. అందురూ కాళ్లు చాపుకోని 'అబ్బా' అన్న్యారు. కంపెనీ మేనేజరు వచ్చి నా చేతులు పట్టుకున్న్యాడు."

దేవపాలు సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ముప్పై వరసలు జానెడు జానెడు జరిపితే చివరి వరస యాడికి పోయిందప్పా?"

వలి మామ టీ ఒక గుటక తాగినాడు. "తోకలోకి. ఆడ శానా జాగా ఉంటాది సారూ, కంపెనీ వాళ్లు వాడుకోరు."

అబద్ధమాడినా అతికినట్లుండాలంటారు. ఈయనకు ఆ పట్టింపు లేదు. అతకకపోతే ఇంకో నాలుగు మేకులు కొడతాడు.

"తలుపు మూసినారు. రెడ్డి విమానాన్ని కదలనీడు. 'ముందర బండి ఏది? ఎనక బండి ఏది? ఒంటి బండి మీద నేను ఎప్పుడన్నా పోయినానా?' అంటాండాడు. పైలెట్టు పంజాబీ సర్దారు. నేను హిందీలో చెప్పినా, సర్దార్‌జీ, మా కడపలో పద్ధతి ఇది, మూడు బండ్లుండాల, మూడూ ఒకే రంగు ఉండాల, ఎవురు ఏ బండిలో ఉండారో దేవునికి గూడా తెలీకూడదు అని. సర్దారు వైర్‌లెస్సులో మాట్లాడినాడు. ఆ మీదట ఏమైందో తెలుసునా? కంపెనీ వాళ్లు ఇంగో రెండు విమానాలు తీసినారు. ఉత్తవి. ముందరొకటి, ఎనకొకటి. మద్రాసు నుంచి మూడు విమానాలు కాన్వాయి పోతాంటే కింద చేన్లల్లో కలుపు తీసేటోళ్లు లేసి నిలబడినారు. గూడూరు మీద మావి మూడూ ముందర ఎనక మారినాయి, ఎవురికీ అంతు చిక్కకుండా."

"ఆకాశంలో ఎవురుంటారప్పా చంపేదానికి?" అన్నాడు దేవపాలు సారు.

"ఎవురూ లేరు గదా! పద్ధతి అంత గట్టిగా పెట్టినాం కాబట్టే లేరు."

అటువైపు మద్రాసు బస్సు వచ్చి నిలబడింది. డ్రైవరు దిగి టీ అడిగినాడు, ఇంకో పదిహేను నిమిషాలుంది. ఆపా బస్సును చూసి, మళ్లీ వలి మామను చూసింది. సంచి మళ్లీ ఒళ్లోకి చేరింది.

"మామా, అది నున్నగా పోతుందా, కుదుపుతుందా? ఆ ఒక్కటి చెప్పు," అంది.

"నున్నగా అంటే నున్నగా. గ్లాసులో నీళ్లు తొణకవు. మధ్యలో ఆ రెక్క సంగతి లేకుంటే నాకు నిద్ర గూడా పట్టేది."

"ఏ రెక్క సంగతి?" అంది ఆపా. నేను తల పట్టుకున్నాను.

"ఏం లేదమ్మా, నెల్లూరు దాటినాక కిటికీలో చూస్తాండా, ఎడమ రెక్క కింద దారం మాదిరి ఏందో కారతాండాది. పెట్రోలు."

"విమానానికి పెట్రోలు కాదప్పా, కిరసనాయిలు లాంటిది పోస్తారు," అన్నాడు దేవపాలు సారు.

"అదే అదే, రేషనంగడి వాసన వచ్చింది. రెక్కలో ట్యాంకికి తూటు. జీపు ట్యాంకికి తూటు పడితే మనమేం చేస్తాం? బట్టల సబ్బు మెత్తగా పిసికి అదుముతాం. ఊరు చేరేదాకా చుక్క కారదు. ఏసయ్యను అడగండి."

ఏసయ్య బీడీ తీసి, "సబ్బు పెడతాం. అది నిజమే," అన్నాడు.

"విన్న్యారా! విమానంలో సబ్బు ఉండాది గానీ వాసన సబ్బు, అతుక్కోదు. ఇందాకటి ముసలామె తన సంచిలో నుంచి సగం అరిగిన బట్టల సబ్బు బిళ్ల తీసిచ్చింది, కాళ్లకు జాగా చేసినానని విశ్వాసం. పదిమంది తువ్వాళ్లు ముడేసి నడుముకు కట్టుకున్న్యా. రెడ్డి నా భుజం తట్టి, 'వలీ, నీ పెండ్లాం పిల్లల్ని నేను చూసుకుంటా' అన్న్యాడు. తలుపు తీసుకోని రెక్క మీదికి దిగినా. ఎట్ల నడిచినానంటే, చేను గట్టు మీద నడిచినట్ల, కిందికి చూడకూడదు. గాలికి నా మీసం చెవుల ఎనక్కి పోయింది. తూటులో సబ్బు అదిమి, మీద నా తువ్వాలతో తుడిచి, ఆ పక్కన ఇంగో బోల్టు వదులుంటే అదీ బిగించి వచ్చినా. లోపలికొస్తే ఆ పాప బిళ్లల పళ్లెం మొత్తం నా చేతిలో పెట్టింది."

ఆపా ముఖంలో నెత్తురు లేదు. నాకు వలి మామ గొంతు పిసకాలనిపించింది. "మామా, ఆ సంగతులొద్దు, తిండి సంగతి చెప్పు," అన్నాను పళ్లు బిగబట్టి. "అన్నం పెడతారంట గదా, అది చెప్పు."

"తిండి అద్భుతం! రాజభోగం! చిన్న పెట్టెలో అన్నం, కూర, ఒక రొట్టె, వెన్న, మిఠాయి, అన్నీ మూత పెట్టి చేతికిస్తారు. నీళ్లు సీసాలో ఇస్తారు. నేను నూటా పద్నాలుగు పెట్టెలు తిన్న్యా."

"నూటా పద్నాలుగా?"

"మరి రెడ్డి పెట్టె ఏదో ఎవురికి తెలుసు? విషం పెట్టినోడు ఏ పెట్టెలో పెట్టినాడో ఎట్ల తెలుస్తాది? అందుకని అందురి పెట్టెల్లో ముద్ద ముద్ద నేను తిని, గడియసేపు చూసి, బతికే ఉండానని తేలినాక, అప్పుడు పంచినారు. కడుపు ఉబ్బి బెల్టు సరిపోక రెండు సీట్ల బెల్టులు కలిపి కట్టుకున్న్యా."

"అన్నంలో గూడా అనుమానమేనా," అంది ఆపా నెమ్మదిగా. మాతో కాదు, తనకు తాను చెప్పుకున్నట్లు.

చాలు మామా అందామనుకున్నాను. కానీ వలి మామ దిగే రకం కాదు. అప్పటికే గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ రెక్కల్లాగా చాపినాడు.

"ఇదంతా పోయేటప్పుడు. వచ్చేటప్పుడు గదా అసలు కత. బీ-ఫారం రెడ్డి బనీను లోపల ఉండాది. సాయంత్రం విమానం ఎక్కినాం. రెడ్డికి ఇంగో పద్ధతి ఉండాది, పోయిన దోవన తిరిగి రాడు. పోతాంటే చూసినోడు వచ్చేటప్పుడు కాపు కాస్తాడు. మన పక్క పల్లెల్లో కూలి పనికి పోయే ఆడోళ్లకు గూడా తెలుసు ఈ మాట. పోయి సర్దారుకు చెప్పినా, దోవ మార్చు అని. సర్దారు, 'ఆకాశంలో వేరే దోవ లేదు భాయ్' అన్న్యాడు. లేకపోవడమేంది, నేను చూపిస్తా పద అని పక్క సీట్లో కూచున్న్యా. కర్నూలు మీద ఎడమకు తిప్పించి, బనగానపల్లె మీదుగా తెచ్చి, పెన్నేరు పట్టుకో అన్నా. ఏటి ఎంబడే కిందికి దించుకోని వస్తాండాం. ఆ మీదట ఏమైందో తెలుసునా? గండికోట!"

"గండికోట కాడ లోయ గదప్పా," అన్నాడు దేవపాలు సారు, తనకు తెలియకుండానే ముందుకు వంగి.

"లోయలోనే దూరినాం! అవతలి రెడ్డి మనుషులు కోట గోడ మీద ఉండారు, నలభై మంది, బకెట్లలో బాంబులు పెట్టుకోని. ఎవుడో చెప్పేసినాడు. పైన పోతే కనపడతామని లోయలోకి దించమన్నా. రెక్కలు పట్టవు. సర్దారూ, పక్కకు వంచు అన్నా. పుస్తకం అలమర్లో పెట్టినట్ల నిలువుగా వంచినాడు. ఒక రెక్క ఏటి నీళ్లకు తగులుతాండాది, ఇంగో రెక్క ఆకాశంలోకి. కుడి పక్క సీట్లోళ్లంతా ఎడమ పక్క సీట్లోళ్ల ఒళ్లో పడినారు. పైనుంచి బాంబులేస్తాండారు. దడేల్, దడేల్. కిటికీ తీసి..."

"విమానం కిటికీ తెరుచుకోదు వలిబాషా!" అని అరిచినాడు సారు.

"నేను తీసినా! తీసి, వచ్చిన బాంబును వచ్చినట్లే చేత్తో పట్టి..."

బస్సు హారను కొట్టింది. కండక్టరు "మద్రాస్, మద్రాస్" అని తలుపు తడుతున్నాడు. ఆపా లేచింది. సంచి భుజాన వేసుకుని, బస్సు వైపు కాదు, మా వీధి వైపు తిరిగింది.

"నేను పోను కరీమూ," అంది. ఏడవలేదు. గొంతు మామూలుగానే ఉంది, దానికే నాకు భయం వేసింది. "ఏజెంటుకు చెప్పు. పిల్లలకు నేను చెప్పుకుంటా. బీడీలు చుట్టి బతుకుతాం. ఆ పెట్టెలోకి నేను ఎక్కను."

నేను అడ్డం పోయినాను. కోపమంతా వలి మామ మీద. ఆయన చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి.

"షరీఫమ్మా, నిలబడు."

ఏసయ్య. బీడీ నేలకు రాసి ఆర్పినాడు.

"వలిబాషా విమానం ఎక్కల్యా. ఈ పొద్దు వరకు ఒక్క విమానం గూడా ఎక్కల్యా. ఆయప్ప చెప్పిందాంట్లో నట్టు లేదు, తూటు లేదు, ఏమీ లేదు."

వలి మామ చేతులు దించినాడు. "ఏసయ్యా, ఎందుకబ్బా ఇప్పుడు," అన్నాడు. బతిమాలుతున్నట్లుంది.

"ఇంగ దాచేదేముంది వలీ. ఇద్దురు రెడ్లూ ఒకే పార్టీలో చేరిరి. ఒకే స్టేజీ మీద ఒకరికొకరు దండలేసుకోబట్టిరి. మనమే ఇంకా నోరు మూసుకోనుండాం." ఏసయ్య ఆపా వైపు తిరిగినాడు. "రెడ్డి మద్రాసుకు పోయి విమానం ఎక్కింది నిజమే. నాపరాళ్ల లారీలో క్లీనరు మాదిరి కూచోని పోయినాడు. అదే పొద్దు రెడ్డి జీపు హైదరాబాదు దోవన బయలుదేరింది, అవతలోళ్లు దాని ఎంట పడాలని. రెడ్డి జీపు పోతాంటే రెడ్డి సీట్లో మనిషి ఉండాల గదా. రెడ్డి పంచె, రెడ్డి చొక్కా, రెడ్డి నల్లద్దాలు, తలకు రెడ్డి తువ్వాల. ఒడ్డూ పొడుగూ సరిపోయిందని వలిబాషాను కూచోబెట్టినారు. బండి తోలింది నేను."

దేవపాలు సారు కళ్లద్దాలు తీసినాడు. మా దగ్గర అట్లాంటి, రెడ్డి లేని ఉత్త జీపుల సంగతి అందరూ విన్నదే. దాంట్లో కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు.

"కోవెలకుంట్ల దోవలో వంక కాడ రాళ్లు అడ్డం పెట్టినారు. నేను బండి నిలిపి, దిగి ఉరుకుదాం రా వలీ అన్నా. ఈయప్ప రాల్యా. 'నేను దిగితే రెడ్డి కాదని తెలిసిపోతాది, మద్రాసు దోవకు ఫోను పోతాది' అన్న్యాడు. నేను ఉరికినా షరీఫమ్మా. పొద్దుతిరుగుడు చేన్లో పండుకోని చూస్తాండా. ఈయప్ప ఒక్కడే ఆ సీట్లో నిక్కి కూచోనుండాడు. రెండు బాంబులేసినారు. ఒకటి రాళ్ల మీద పడింది, ఒకటి ముందరద్దం పగలగొట్టింది. ఎనకాల ఆర్టీసీ బస్సు వచ్చేసరికి పారిపోయినారు. నేను సిగ్గు లేకుండా తిరిగొచ్చి స్టీరింగు పట్టుకుంటే, ఈయప్ప నన్ను ఒక్క మాట అనల్యా. ఈ పొద్దుటికీ అనల్యా. ఆయప్ప కోతలు కోస్తాంటే ఆరేండ్లుగా నేను గమ్మున టీ తాగేది అందుకే."

ఆపా వెనక్కి వచ్చి వలి మామ ముందు నిలబడింది. "నిజమేనా మామా?"

వలి మామ తల ఊపినాడు, నేల చూస్తూ.

"భయం కాలేదా?"

"కాకుండా యాడికి పోతాది. పంచె తడిసింది. తెల్ల పంచె గదా, దిగినాక అందరికీ కనపడింది."

"మరి ఎట్ల కూర్చున్నావు?"

"ఎక్కేటప్పుడే కాళ్లు వణికినాయి షరీఫమ్మా. ఎక్కినాక ఇంగ చేసేదేముంది, కూచోవాల. కూచున్న్యా. అంతకు మించి నాకు తెలీదు." కింద పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "గెలిస్తే నిన్ను గూడా విమానం ఎక్కిస్తా అన్న్యాడు రెడ్డి. గెలిచినాడు. రెండు నెలలు చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్న్యా. పనుల్లో పడి మరిచిపోయినాడేమో. నేనూ అడగల్యా. లోపల ఎట్లుంటాదో మాత్రం గల్ఫు నుంచి సెలవుకు వచ్చిపోయేటోళ్లనంతా అడిగి తెలుసుకున్న్యా. బిళ్లలిచ్చేది నిజమేనంట. సీటు వాలేది గూడా."

కండక్టరు మళ్లీ అరిచినాడు. నేను ఆపాను చూస్తున్నాను. ఆమె బురఖా సర్దుకుంది. సంచి తీసి నా చేతికిచ్చింది.

"పైన పెట్టు," అంది.

బస్సు మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు ఆమె చెయ్యి కడ్డీని గట్టిగా పట్టుకుంది. కాలు వణకడం నేను చూసినాను. అయినా ఎక్కింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, తల బయటికి పెట్టి పిలిచింది.

"మామా, రెండేండ్లకు వస్తా. లోపల ఎట్లుందో అంతా చూసుకుని వచ్చి, మొట్టమొదట నీకే చెప్తా. అంతవరకు విమానం గురించి నువ్వు ఎవరికీ ఏమీ చెప్పొద్దు."

బస్సు కదిలింది.

"సరేనమ్మా," అన్నాడు వలి మామ.